నూట నలభై ఆరు

క్రాబెన్‌హుక్,
6 జనవరి 1986, సోమవారం

కోరీకి మీ అక్క రాసేది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మరీనస్‌కి జలుబు. మగవాడికి జలుబు చేస్తే ఇల్లు ఎలా ఉంటుందో పెళ్లి తప్పించుకున్న నీకేం తెలుస్తుంది. మూడు రోజుల నుంచి మంచం మీద మూలుగుతున్నాడు. బఠాణీ సూపు పల్చగా ఉందని చెప్పడానికి మాత్రం గొంతు బాగానే లేస్తోంది.

అసలు సంగతి. క్రిస్మస్ రెండో రోజున మా ఇంట్లో నువ్వు లెక్క చెప్పిన షూలెన్ బిళ్లల ఆట గురించి క్లబ్బు నుంచి కాగితం వచ్చింది. రాసింది మా అధ్యక్షుడు క్రైన్ డింగెమన్స. సముద్రపు కట్టంతా తన భుజాల మీదే ఆగి ఉందన్నట్టు నడుస్తాడే, వాడు. చివరి విడతలో నేను ఒక్కొక్క బిళ్లా లోపలికి పంపుతుంటే చూడలేక, చుట్ట కాల్చుకునే వంకతో పెరట్లోకి పోయాడు. క్లబ్బు రికార్డు పదిహేనేళ్లుగా వాడిదే, నూట నలభై ఒకటి. నువ్వు 'నూట నలభై ఆరు' అన్నాక లోపలికి వచ్చి, నన్ను కాదు, బల్లని అభినందించాడు. బల్లకి మైనం బాగా పట్టిందట.

ఇప్పుడేమో తొమ్మిదో నిబంధన తీశాడు. ఇళ్లలో ఆడే ఆటల్లో రికార్డు వస్తే, లెక్క చూసిన మనిషి సంతకంతో ఉత్తరం ఉండాలట. డిసెంబరులో మా హాలుకి వెచ్చదనం ఉండదు కాబట్టి, బల్లని ఇంటింటికీ మోసుకుపోయి గురువారం గురువారం ఆడతాం కదా. ఆ ఆటలకి క్లబ్బులో లేని మనిషే లెక్క చూడాలి. మాలో ఒకరు టైము ఎంతైందని చెప్పినా ఇంకొకరు నమ్మరు, అందుకని. పోయిన ఏడాది పశువుల డాక్టరు చూశాడు. అంతకు ముందు చీపుళ్లు అమ్ముకోవడానికి వచ్చిన బెల్జియం వాడు. ఈసారి నువ్వు దొరికావు.

కాబట్టి రెండు వాక్యాలు రాయి. ఫలానా రోజున ఫలానా ఇంట్లో మూడు విడతలు అయ్యాక బద్ద ఆనించి చూశాను, నూట నలభై ఆరు. కింద సంతకం. మార్చిలో క్లబ్బుకి డెబ్భై ఐదేళ్లు నిండుతాయి. అగ్నిమాపక షెడ్డు మీద ఉన్న మా హాల్లో రికార్డుల పలకకి కొత్త రంగు వేస్తున్నారు. దాని మీద తొమ్మిది పేర్లున్నాయి, తొమ్మిదీ మగవాళ్లవి. అందులో ఇద్దరు తమ సొంత మేజోళ్లు ఏ సొరుగులో ఉంటాయో కూడా తెలియకుండానే చచ్చిపోయారు. పదో పేరు నాది.

నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో. ఈ ఊళ్లో నా పేరు ఎక్కడా రాసి లేదు కోరీ. తలుపు మీద మరీనస్ పేరు. ఉల్లిగడ్డల షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా నాకు నంబరు. మిగిలింది సమాధి రాయి. దానికి నాకు తొందర లేదు.

ఫోను చెయ్యకు. ఫోను నడవలో ఉంది, మంచం మీద మనిషికి చెవులు బాగా పనిచేస్తున్నాయి.

యోబీనా


లైడెన్,
13 జనవరి 1986

అక్కా,

నీ ఉత్తరం గురువారం అందింది. జవాబు రాయాలని కూర్చున్నప్పుడల్లా పరీక్ష పేపర్లు అడ్డు వస్తున్నాయి. ఈ ఏడాది లాటిన్ చదవడానికి వచ్చిన ముప్పై నలుగురిలో ముగ్గురికి ఆ భాష మీద ఇష్టం. మిగతావాళ్లకి ఖాళీగా ఉన్న సీట్ల మీద ఇష్టం. రెండు వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఒకాయన తన పొలం గురించి రాసిన నాలుగు మాటలని వీళ్లు ఎలా చంపుతారో చూస్తే, ఆయన మళ్లీ చచ్చిపోయాడనిపిస్తుంది.

మా విభాగాధిపతి ఈ వారం తన పేరున్న తలుపు పలక మిగతా వాళ్ల పలకల కన్నా అర సెంటీమీటరు చిన్నదని పరిపాలన కార్యాలయానికి రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. నేను ఆ ఉత్తరం చూసి నవ్వాను. ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది. నిజం చెప్పాలంటే దాన్ని చూసి కూడా నవ్వాను. తర్వాత ఎందుకు నవ్వానో తెలియక కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

నాకు ఒక్కటి అర్థం కాదు. ఆ తొమ్మిది మంది గురించి నీకు మంచి అభిప్రాయం లేదు. క్రైన్ గురించి అసలు లేదు. వాళ్ల పక్కన పేరు రాయించుకోవడం నీకెందుకు? చెక్క మీద చెక్క తోసే ఆట. గదిలో ఆరుగురున్నారు, నేను సంఖ్య చెప్పినప్పుడు ఆరుగురూ విన్నారు. నువ్వు బాగా ఆడావని నీకు తెలుసు, నాకు తెలుసు. దానికి మళ్లీ ఉత్తరం, సంతకం, నిబంధన. ఒక ఊరి మనుషులు తమ శీతాకాలాన్ని ఇంతకన్నా బాగా గడపలేరా అనిపిస్తుంది. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, కానీ కొట్టేస్తే నువ్వు వెలుతురులో పెట్టి చదువుతావు.

రాయనని కాదు. రాస్తాను. కానీ ఏ మాటలతో రాయాలో ఆలోచించనీ. ఆ రోజు నాకు గూస్ స్టేషన్‌లో రైలు అందుకోవాలన్న తొందర, గది నిండా సూపు వాసన, చుట్ట పొగ. ఒక సంగతి చూశానని చెప్పడానికీ, చూశానని సంతకం పెట్టడానికీ మధ్య నాకు ఎప్పుడూ కాస్త దూరం కనిపిస్తుంది. ఇది నా జబ్బు, నీ తప్పు కాదు.

మరీనస్ బావకి నయమైందని ఆశిస్తాను. నువ్వు కట్టి ఇచ్చిన పంది మాంసం బాగుంది. పది రోజులు తిన్నాను.

ప్రేమతో,
కోరీ


క్రాబెన్‌హుక్,
18 జనవరి 1986

కోరీకి,

ఆలోచించాలా? నూట నలభై ఆరు అనే మాట రాయడానికి నీకు ఆలోచన కావాలా? అక్కడ జీతం ఇచ్చేది దీనికేనా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి, నువ్వెందుకు నవ్వావని కోపం వచ్చింది. రెండోసారి చదివితే, నీకు ఆట గుర్తు లేదేమో, అందుకే మాటలు దొరకడం లేదేమో అనిపించింది. మూడోసారి చదివితే అసలు సంగతి తెలిసింది. దాని గురించి చివర్లో చెబుతాను. ముందు ఆట గురించి, పిల్లలకి చెప్పినట్టు చెబుతాను, ఎందుకంటే మా షెడ్డులో ఉల్లిగడ్డలు ఏరే పదిహేనేళ్ల పిల్లలకి ఇది నీకన్నా బాగా తెలుసు.

బల్ల నిలువెత్తు మనిషిని పడుకోబెట్టేంత పొడుగు, మూరెడు వెడల్పు, రెండు పక్కలా గోడలు. చివర ఒక అడ్డకర్ర, దాని కింద నాలుగు వాకిళ్లు. ఎడమ నుంచి కుడికి వాటి మీద అంకెలు రెండు, మూడు, నాలుగు, ఒకటి. ముప్పై చెక్క బిళ్లలు. గీత ఇవతల నిలబడి ఒక్కొక్కటి తొయ్యాలి. లోపలికి పోయినవి అక్కడే ఉంటాయి, పోనివి వెనక్కి తెచ్చుకుని మళ్లీ తోస్తాం. అలా మూడు విడతలు. నాలుగు వాకిళ్లలోనూ ఒక్కొక్క బిళ్ల ఉంటే అది నిండు వరస. దాని విలువ పది కాదు, ఇరవై. మిగిలిన బిళ్లలకి వాకిలి మీద ఉన్న అంకె.

తెలివితక్కువవాళ్లు నాలుగు అంకె చూసి అక్కడే తోస్తారు. క్రైన్ అలాంటివాడే, అదృష్టంతో బతుకుతాడు. ఒకటి అంకె ఉన్న వాకిలిని ఎవరూ లెక్క చెయ్యరు. అది కుడి గోడ మూలన ఉంటుంది, ఇచ్చేదీ ఒకటే. కానీ అక్కడ బిళ్ల లేకపోతే వరసే లేదు. నేను సగం బిళ్లలు ఆ గోడకి రాసుకుంటూ పంపడం నేర్చుకోవడానికి పదకొండేళ్లు పట్టింది. నీ లాటిన్‌కి ఎన్నేళ్లు పట్టింది?

ఆ రోజు రెండులో ఎనిమిది, మూడులో ఏడు, నాలుగులో ఎనిమిది, ఒకటిలో ఏడు. ముప్పైకి ముప్పై. ఏడు వరసలు నూట నలభై. మిగిలిన రెండు బిళ్లల్లో ఒక బిళ్ల రెండు వాకిట్లో, ఇంకో బిళ్ల నాలుగు వాకిట్లో. నూట నలభై ఆరు.

క్రైన్‌కి కావలసింది బద్ద సంగతి. లెక్క చెప్పే ముందు, వాకిళ్ల ముందు అంచుకి సన్నటి కర్ర బద్ద ఆనించి చూడాలి. బద్దకి తగిలిన బిళ్ల లోపల లేనట్టే, గోరంత బయట ఉన్నా లేనట్టే. ఆఖరి బిళ్ల తోశాక, బద్ద పెట్టేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. ఆడే మనిషి గీత దాటి రాకూడదు. బల్ల చివర కూర్చున్నది నువ్వొక్కదానివే కాబట్టి చెప్పాల్సింది నువ్వొక్కదానివే. ఇందులో అర్థం కానిది ఏముంది?

ఇప్పుడు మూడోసారి చదివినప్పుడు తెలిసిన సంగతి. నీకు సిగ్గుగా ఉంది. విశ్వవిద్యాలయం పేరున్న నీ సంతకం మా షెడ్డు మీది క్లబ్బు కాగితం మీద పడితే, రేపు ఎవరైనా చూసి అడుగుతారేమోనని. ఆ భయం పెట్టుకోకు. మీ వాళ్లెవరూ మా ఊరికి రారు. వచ్చినా మేం సూపు పెట్టం.

మరీనస్ లేచాడు. లేచి నీ ఉత్తరం చదివి, 'మీ చెల్లెలికి కడుపుమంట' అన్నాడు. నేను కాదన్నాను. ఈసారికి.

యోబీనా


లైడెన్,
27 జనవరి 1986

అక్కా,

సిగ్గు కాదు. ఆ మాట చదివి రెండు రోజులు క్లాసులో ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. కడుపుమంట కూడా కాదు. బావతో చెప్పు, ఆయన రోగ నిర్ధారణ ఎప్పుడూ తన జలుబుకే పరిమితమైతే మంచిదని.

నీకు ఆ ఆట మీద ఉన్న పట్టు చూసి నేను అసూయపడితే బాగుండేది. అసూయలో కాస్త గౌరవమైనా ఉంటుంది. నాలో ఉన్నది అది కాదేమోనని భయం. మన నాన్న బల్ల ముందు వంగి నిలబడి ఒక కన్ను మూసి, నాలుక కొన పెదవి మీద పెట్టుకుని బిళ్ల తోయడం చూసినప్పుడు నాకు పదేళ్లు. పెద్దవాళ్లు ఇంత చిన్న పనిని ఇంత గంభీరంగా ఎలా చేస్తారని ఆ రోజే అనుకున్నాను. అక్కడి నుంచి బయటపడాలని చదివాను. బయటపడి చేరింది తలుపు పలకల కొలతల గురించి ఫిర్యాదులు రాసుకునే చోటికి. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

క్లబ్బు అధ్యక్షుడికి ఉత్తరం రాసి నిన్న పోస్టు చేశాను. నకలు ఇందులో ఉంది. మూడు పేజీలు అయింది, క్షమించు. ముఖ్యమైన చోటు రెండో పేజీ మధ్యలో ఉంది: 'ఆనాడు నేను బిగ్గరగా ప్రకటించిన సంఖ్య నూట నలభై ఆరు. నా కళ్లకు కనిపించినంతవరకు, ఆ సంఖ్య ప్రకటించే సమయానికి ముప్పై బిళ్లలూ వాకిళ్లకు లోపలే ఉన్నాయి.' ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ప్రతి మాటా మూడుసార్లు తూచి పెట్టాను.

ఇది చాలుతుందని అనుకుంటున్నాను. చాలితే ఇక దీని గురించి మాట్లాడుకోవద్దు. ఈస్టరుకి వస్తాను, కట్ట మీద నడుద్దాం.

కోరీ


క్రాబెన్‌హుక్,
7 ఫిబ్రవరి 1986, శుక్రవారం

కోరీకి,

నిన్న రాత్రి హాల్లో నీ ఉత్తరం చదివారు. చదివింది క్రైన్. నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుని, చర్చిలో పాదిరి చదివినట్టు మూడు పేజీలూ చదివాడు. మొదటి పేజీ అయ్యేసరికి ఇద్దరు కాఫీకి లేచారు. మనిషి జ్ఞాపకం ఎంత నమ్మదగనిదో నువ్వు రాసిన చోట, రంగులు వేసే లేండర్ట్ ముసలాయన, తన పేరు తనకి గుర్తుందో లేదో అని పక్కవాణ్ని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను.

రెండో పేజీ మధ్యకి వచ్చాక క్రైన్ ఆగాడు. ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. చదివి నా వైపు తిరిగాడు.

"'నా కళ్లకు కనిపించినంతవరకు' అంటే ఏమిటి యోబీనా? మీ చెల్లెలికి కళ్లద్దాలు లేవా?"

"ఉన్నాయి. నువ్వు బడి మానేశాక కూడా చదివి తెచ్చుకున్నవి."

"మరి అందులోంచి బద్ద కనపడలేదా? మూడు పేజీల్లో బద్ద అన్న మాట ఒక్కసారీ లేదు."

నేనూ ఆ మూడు పేజీలూ వెతికాను. బద్ద లేదు. వెనక నుంచి ఎవరో, ఆ రోజు యోబీనా ఇంట్లో గుడ్లు కలిపిన సారా పోశారట కదా అన్నారు. నా చెల్లెలు ఒక్క గ్లాసే తాగిందని నేను చెప్పాను. "ఇంకో గ్లాసు తాగితే నూట నలభై ఎనిమిది వచ్చేది" అన్నాడు క్రైన్. ముప్పై బిళ్లలతో అంతకన్నా పై లెక్క రాదు కాబట్టి ఆగాడు, లేకపోతే ఇంకా పోయేవాడు. తర్వాత మాంసం సంగతి. రైలు దగ్గర నీ చేతిలో నేను కట్టి ఇచ్చిన మాంసం ఎవరో చూశారు. అది లెక్క చెప్పినందుకు ఇచ్చిన కూలి అయిపోయింది. నేను ఆ మనుషుల మధ్య యాభై రెండేళ్లు బతికాను. ఆ ఒక్క సాయంత్రం నాకు వాళ్ల మొహాలు చూడాలనిపించలేదు.

నువ్వు ఏం చేశావో నీకు తెలుసా? తెలివిగా రాశాననుకున్నావు. ఆ మూడు పేజీలూ మాకు అర్థం కావని రాశావు. మాకు అర్థం కాలేదు, నిజమే. అర్థం కానిది ఎందుకు రాస్తారో మాత్రం అర్థమైంది. రేపు కడగాలని పక్కన పెట్టే గిన్నెలో ఏం అంటుకుని ఉందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

మరీనస్ అన్న మాటకి ఈసారి నేను కాదనలేదు. నీకు నామీద కడుపుమంటే. ఇన్నేళ్లకి నాకు ఒక్కటి వచ్చింది, అది కూడా నీ చేతిలోంచే రావాల్సి వచ్చింది, దాన్ని నువ్వు వేళ్లతో నలుపుతున్నావు.

లేండర్ట్ నిన్ననే పలక మీద చాక్‌పీసుతో నా పేరు గీసి ఉంచాడు, రంగు వెయ్యడానికి కొలత కోసం. ఇరవై ఏడో తేదీ గురువారం సభ్యుల సమావేశం. ఆ రోజు తేల్చాలి. నాకు మూడు పేజీలు వద్దు. బద్ద పెట్టావా, లేదా. ఒక్క మాట.

యోబీనా


లైడెన్,
16 ఫిబ్రవరి 1986, ఆదివారం

అక్కా,

లేదు.

ఆ ఒక్క మాట పంపి ఊరుకోవాలి, నువ్వు అడిగింది అంతే. కానీ మిగిలింది చెప్పకపోతే నువ్వు దాన్ని మరచిపోవడం అనుకుంటావు. అది మరచిపోవడం కాదు.

బల్ల చివర కూర్చుని ప్రతి విడతకీ నేను చేసిన పని నీకు తెలుసు. లోపలికి వచ్చిన బిళ్లలని పెన్సిలుతో వెనక గోడకి నెట్టి, తర్వాతి వాటికి చోటు చెయ్యడం. మొదటి విడతలో చేశాను, రెండో విడతలో చేశాను. అది నువ్వే చెప్పావు. మూడో విడతలో నీ చివరి బిళ్ల గోడకి రాసుకుంటూ వచ్చి, ఒకటి వాకిట్లో ఆగింది. లోపల కాదు, వాకిట్లో. నెలవంకలా సన్నటి అంచు ఒకటి అడ్డకర్రకి నీ వైపున మిగిలి ఉంది. గోరంత అని నువ్వు రాశావే, అంతే. నాకు కనిపించింది. బాగా కనిపించింది. కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నాను.

బద్ద నా మోకాళ్ల మీద ఉంది. పెన్సిలు చేతిలో ఉంది. నేను పెన్సిలుతో ఆ బిళ్లని లోపలికి నెట్టాను, అలవాటుగా చేసినట్టు. తర్వాత లెక్కపెట్టి సంఖ్య చెప్పాను.

అలవాటు వల్ల చెయ్యి కదిలిందని నాకు నేను ఇన్ని వారాలూ చెప్పుకున్నాను. నీ మీద ప్రేమతో చేశానని కూడా ఒక రోజు చెప్పుకుని చూశాను. అది ఇంకా అబద్ధం. నీ మొహం నేను ఆ తర్వాతే చూశాను. నెట్టిన క్షణంలో నా మనసులో ఉన్నది ఐదు గంటల రైలు. బద్ద ఆనించి, ఇది లోపల లేదు అంటే, మీరందరూ గీత దగ్గర నిలబడి దాని గురించి అరగంట వాదిస్తారని తెలుసు. ఉందని చెప్పినా లేదని చెప్పినా ప్రపంచంలో ఏమీ మారదనిపించింది. ఆ గది, ఆ మొహాలు, ఆ బిళ్ల, అన్నీ నాకు అంత చిన్నగా కనిపించాయి. లాటిన్ పేపర్లో ఒక కుర్రాడు ఇలా కొలవకుండా మార్కు వేసుకుంటే నేను వాణ్ని తరగతి నుంచి పంపేస్తాను. నీ ఆటకి ఆ మాత్రం కూడా ఇవ్వలేదు.

ఆ బిళ్ల లేకపోతే ఆరు వరసలే. నూట ముప్పై ఐదు. నువ్వు రెండో ఉత్తరంలో రాసిన లెక్క చూసి వేశాను, నాలుగుసార్లు.

ఈ కవరులో ఇంకో కాగితం పెడుతున్నాను. అందులో రెండే వాక్యాలున్నాయి, నువ్వు జనవరిలో అడిగినవే. బద్ద ఆనించి చూశాను, నూట నలభై ఆరు. సంతకం ఉంది. ఈ ఉత్తరం నీకు, ఆ కాగితం క్లబ్బుకి. లేదా ఈ ఉత్తరమే క్లబ్బుకి. ఏది వాడుకోవాలో నువ్వే చూడు. నీ పేరుని ఇన్నాళ్లు వేలాడదీసింది నేను, ఇక నిర్ణయించే హక్కు నాకు లేదనిపించింది. ఇది సరైన పనో కాదో తెలియదు. తెలియకుండానే పోస్టు చేస్తున్నాను.

కోరీ


క్రాబెన్‌హుక్,
28 ఫిబ్రవరి 1986, శుక్రవారం

కోరీకి,

నిన్న సమావేశం అయింది. అంతకు ముందు రోజు దేశం ఉత్తర దిక్కున, గడ్డకట్టిన కాలవల మీద పదకొండు ఊళ్లు చుట్టే స్కేటింగ్ పందెం టీవీలో వచ్చింది కదా, అందరూ దాని మత్తులోనే ఉన్నారు. తమ కాళ్లతోనే పరిగెత్తినట్టు ఒక్కొక్కడూ కుర్చీలో ఒళ్లు విరుచుకుంటున్నాడు. క్రైన్ నా సంగతి ఆఖరున పెట్టాడు, కాఫీ తర్వాత. నేను కాఫీకి ముందే లేచాను.

నీ ఉత్తరంలో పెన్సిలు గురించి రాసిన భాగం నేనే చదివాను. రైలు గురించి రాసిందీ చదివాను. మా మొహాలు చిన్నగా కనిపించాయని రాసింది కూడా వదలకుండా చదివాను. ఎవరూ నవ్వలేదు. లేండర్ట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు, ఎవరో చచ్చిపోయినట్టు. అయ్యాక నేను నూట ముప్పై ఐదు అన్నాను. క్రైన్ మనసులో లెక్క వేసుకుని, అవును, నూట ముప్పై ఐదు అన్నాడు. అంతే. ఆ మనిషి గొంతులో సంతోషం వెతికాను, దొరికితే తిట్టుకోవచ్చని. దొరకలేదు. అది కూడా నాకు నచ్చలేదు.

రెండో కాగితం ఎవరికీ చూపించలేదు. పొయ్యిలో వేశాను. నీ పరువు కోసం అనుకోకు. నా చెల్లెలు నన్ను ఎలాంటిదని అనుకుంటుందో ఊరికి తెలియడం నాకు ఇష్టం లేదు.

బిళ్ల నెట్టడం ఒక తప్పు కోరీ. నీకు తొందర, విసుగు, పొగ. మనుషులు చేస్తారు. ఏడు వారాల తర్వాత, ప్రశాంతంగా కూర్చుని, మంచి కాగితం మీద మంచి దస్తూరితో ఆ రెండు వాక్యాలు రాసి, కావాలంటే వాడుకో అని పంపడం వేరు. అక్కకి పేరే కావాలి, అది ఎలా వచ్చినా తీసుకుంటుంది అనుకున్నావు. మా గోడ మీద పలకకి అబద్ధమైనా పరవాలేదు అనుకున్నావు. పెన్సిలుతో ఒకసారి నెట్టావు, ఇప్పుడు పోస్టులో ఇంకోసారి నెట్టావు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. చెప్పకపోతే నేనూ నీలాగే అవుతాను. బిళ్ల పూర్తిగా లోపలికి పోతే వెనక గోడకో, ముందున్న బిళ్లకో తగిలి చప్పుడు వస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడు వింటున్నాను. ఆ రోజు చివరి బిళ్లకి చప్పుడు రాలేదు. రాలేదని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత నువ్వు నూట నలభై ఆరు అన్నావు. చదువుకున్న మనిషి కళ్లద్దాలు పెట్టుకుని దగ్గర కూర్చుని చెబుతోంది, నా చెవిదే పొరపాటు అయి ఉంటుందనుకున్నాను. నా చెవిని కాదని నీ నోటిని నమ్మాను. ఆ తప్పు నాది. అది నిన్న హాల్లో చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

పలక మీద నా పేరు చాక్‌పీసు గీతలే కాబట్టి తడిగుడ్డ చాలింది. నేనే తుడిచాను. లేండర్ట్ తుడుస్తానంటే ఇవ్వలేదు.

ఆ తర్వాత బల్ల వేశారు, మామూలు గురువారం ఆట. నా వంతు వచ్చినప్పుడు బల్ల చివర కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ లేవలేదు. చివరికి క్రైన్ లేచాడు. నేను వద్దనలేదు. బాగా ఆడలేదు. ఒకటి వాకిలి దగ్గర ఒక బిళ్ల అంచు మీద ఆగింది. వాడు బద్ద ఆనించాడు. కళ్లు దగ్గరగా పెట్టి చూసి, బద్ద తీసి, చొక్కాకి తుడిచి, మళ్లీ ఆనించాడు. మూడోసారి దీపాన్ని బల్ల దగ్గరకి జరిపించి ఆనించాడు. వాడు నన్ను ఒక్క రోజు కూడా ఇష్టపడలేదు. నీకు నేనంటే ప్రాణమని అమ్మ అంటూ ఉండేది. మూడుసార్లు కొలిచింది వాడు.

"బయటే ఉంది యోబీనా" అన్నాడు. "నూట పద్దెనిమిది."

నూట పద్దెనిమిది నాది. నీకు తెలియాలని రాశాను.

యోబీనా